కోటిలింగం గారి ఫోల్డరు

ఆ వరి పరిశోధన కేంద్రంలో ముప్పైమంది శాస్త్రవేత్తలకి కలిపి ఒకటే సర్వర్. ఇరవై రెండేళ్ళుగా దాన్ని చూసుకుంటున్నది తాజుద్దీన్ మాస్టారు. వచ్చే నెలలో ఆయన రిటైరవుతున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకోబోయే పిల్ల ఉదయభాను.

సోమవారం ఆమె చేతిలో ఘోరం జరిగిపోయింది. పాత ఫైళ్ళు తీసేస్తూ 'కోటిలింగం-పాతవి' అన్న ఫోల్డరుని చెరపబోయింది. కలిపి కొట్టాల్సిన పేరు మధ్యలో ఒక ఖాళీ పడింది; ఖాళీకి ముందున్న 'కోటిలింగం' అన్న ముక్కనే సర్వర్ పేరుగా తీసుకుంది. శాస్త్రవేత్త కోటిలింగం గారి అసలు ఫోల్డరే పోయింది. భాను ఉన్నది రూట్ లాగిన్‌లో. ఆ లాగిన్‌తో ఏం చెప్పినా సర్వర్ ఎదురు అడగదు, చేసేస్తుంది.

మాస్టారు బ్యాకప్ నుంచి చాలావరకు వెనక్కి తెచ్చారు. చివరి వారం కొలతలు మాత్రం రాలేదు. పైరు పూతకొచ్చిన వారం అది. మళ్ళీ కొలవాలంటే ఏడాది ఆగాలి. కోటిలింగం గారు ఒక్క మాట కూడా అనలేదు. గొడుగు తీసుకుని పొలంలోకి వెళ్ళిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది భానుకి.

మూడో రోజు ఒక కాగితం పట్టుకుని మాస్టారి గదికి వచ్చింది.

"కూర్చో ముందు. ముఖం అలా పీక్కుపోయిందేంటి?" అన్నారాయన.

ఆమె కూర్చోలేదు. "ఇక ఇలాంటిది జరగనివ్వను మాస్టారూ. ముప్పైమందికీ అనుమతులు తీసేస్తున్నా. ఎవరైనా చూడొచ్చు, అంతే. తమ ఫైలే అయినా సరే, మార్చాలంటే, చెరపాలంటే నాకు ఫోన్ చెయ్యాలి. అన్నీ నేనే చేసిపెడతా. మీరు సరే అంటే ఇప్పుడే మొదలుపెడతా."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని పేర్లన్నీ ఓపిగ్గా చదివారు. కాగితం పక్కన పెట్టారు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, తన లాగిన్‌తో సర్వర్‌లోకి వెళ్ళారు. ఒక్కో అక్షరం ఆమెకి కనిపించేలా, నిదానంగా, కోటిలింగం గారి ఫోల్డరు చెరిపెయ్యమని కొట్టారు.

"అయ్యో మాస్టారూ! అదేం పని!"

భాను ఒక్క ఉదుటున ఆయన చెయ్యి పట్టేసుకుంది. అప్పటికే ఆయన ఎంటర్ నొక్కేశారు.

తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది. అనుమతి లేదు.

ఆమె తెర వంక చూసింది, ఆయన వంక చూసింది. ఆయన చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఈ సర్వర్ పెట్టిందే మీరు. మీకు అనుమతి లేకపోవడమేంటి?"

"రోజూ వాడే లాగిన్‌కి లేదు. రూట్‌తో పని పడితే విడిగా తెరుస్తా. అవగానే మూసేస్తా. మొదటి ఏడాదే అలా పెట్టుకున్నా."

"ఎవరు పెట్టుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"మరెందుకు?"

మాస్టారు కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వారు.

"నాకు తొందరెక్కువమ్మా."

భాను పక్కన పెట్టిన తన కాగితం తీసి మడిచేసింది. తర్వాత కుర్చీ జరుపుకుని ఆయన పక్కనే కూర్చుంది.

"నా లాగిన్‌కి అలా ఎలా పెట్టుకోవాలో చూపించండి," అంది.