తాయారు దులిపేసిన మట్టి

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఊఁ కొడుతూ వినాలి మరి. మధ్యలో నిద్రపోతే ఊరుకోను, ఈ కథ నాకు భలే ఇష్టం.

అనగనగా ఒక ఊళ్ళో మంగతాయారని ఒక కొత్త కోడలు ఉండేది. ఆవిడకి శుభ్రం పిచ్చి. గిన్నె తోమితే అందులో మొహం కనపడాలి. పొయ్యిలో పెట్టే కట్టెల్ని కూడా తుడిచి పెట్టేదట, చూడు.

అత్తారింటికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. "మన పెరటి వంగ విత్తనాలే. మూట మూటగానే మట్టిలో కలుపుకో" అంది. తాయారు ఊరుకుంటుందా? మూట విప్పింది. విత్తనాల చుట్టూ గుప్పెడు నల్లమట్టి. అయ్యో, అమ్మ తొందర్లో శుభ్రం చెయ్యడం మర్చిపోయింది అనుకుంది. ఆ మట్టంతా పెరటి మూల దులిపేసింది. విత్తనాలు మూడు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, డబ్బాలో పోసుకుంది.

ఆ తర్వాత రెండు నెలలకే వాళ్ళమ్మ పోయింది. పుట్టింటి పెరట్లో అన్నయ్య గదులు కట్టేశాడు. ఇంక ఆ వంకాయ తాయారు డబ్బాలో తప్ప ఎక్కడా లేదు. నోట్లో వేసుకుంటే వెన్నే, బంగారం.

అప్పుడు తాయారు సగం విత్తనాలు తీసి నారు పోసింది. మట్టిని జల్లించింది. ఆకూ అలమూ ఏరేసింది. నారు పీకి నాటేముందు దాని వేళ్ళు కూడా కడిగింది. మొక్కలు జానెడు ఎదిగాయి, ఆ తర్వాత పాలిపోయి చచ్చాయి.

పక్కింటి అచ్చియ్యమ్మకి రెండు గేదెలు. ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏమే తాయారూ, మొక్కలకి తలంటు కూడా పోశావా?" అంది. తాయారుకి రోషం వచ్చింది.

మట్టిలో బలం చాలలేదేమో అనుకుని రెండోసారి నారు పోసింది. గేదెల పచ్చిపేడ తట్టలకొద్దీ తెచ్చి మొక్కల మొదట్లో పోసింది. పచ్చిపేడ కదా, ఆ వేడికి వేళ్ళు మాడిపోయాయి. మూడు రోజుల్లో అన్నీ వాలిపోయాయి.

డబ్బాలో ఇంక ఏడు గింజలే మిగిలాయి. మూత తియ్యాలంటేనే తాయారుకి భయం. ఇవీ పోతే అమ్మ వంకాయ ఇంక లేనట్టే.

ఎంత దిగులున్నా ఆవిడ శుభ్రం మానదుగా. ఒకరోజు పెరటి మూల చెత్త ఎత్తిపోద్దామని వెళ్ళింది. ఏడాదిగా ఊడ్చిన ఆకులూ, పొయ్యి బూడిదా, వాడిన పూలదండలూ అక్కడే పారేస్తోంది. వాటి మధ్యన ఓ బంతి మొక్క, తాయారు భుజం దాకా ఉంది. దానికి ఎవరూ చుక్క నీళ్ళు పొయ్యలేదు. పట్టుకుని పీకితే వేళ్ళతో పాటు నల్లమట్టి గడ్డ వచ్చింది. గడ్డ నిండా సన్నటి తెల్లదారాలు. ఛీ, బూజు అనుకుని కడగడానికి బిందె దగ్గరికి పరిగెత్తింది.

అచ్చియ్యమ్మ గోడ దూకినంత పని చేసి తాయారు చెయ్యి పట్టుకుంది. "కడిగావంటే ఊరుకోను. అది మంచి బూజే పిచ్చిదానా. వేరు వెళ్ళలేని చోటికి ఆ దారం వెళ్ళి నీళ్ళు తెస్తుంది, సారం తెస్తుంది. బదులుగా మొక్క దానికి తీపి పెడుతుంది. ఎక్కడిదే నీకీ మట్టి?"

తాయారుకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ ఇచ్చిన మట్టి దులిపింది ఆ మూలనే. అమ్మ ఏమీ మర్చిపోలేదు, విత్తనానికి తోడునిచ్చి పంపింది. తాయారు చీర మాసిపోతుందని కూడా చూడకుండా ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత చూడాలి ఆవిడ హడావిడి! ఆ మూలనే మడి చేసింది. అచ్చియ్యమ్మ ఏడాది మాగిన పేడ ఎరువు ఇచ్చింది, పొడిపొడిగా, వాసనే లేదు. అది కలిపి, ఏడు గింజలూ అక్కడే పెట్టి, పైన ఎండుటాకులు కప్పింది. ఏడింటిలో మూడు మొలిచాయి. ఒకదాన్ని నత్త తినేసింది. ఒకదాన్ని కోడి కెలికేసింది. అప్పుడు తాయారు మూడోదాని చుట్టూ ముళ్ళకంప కట్టి, పక్కనే పీట వేసుకు కూచుంది.

అది పెరిగిందమ్మా, ఏం పెరిగిందనుకున్నావ్! రోహిణి కార్తె ఎండకి ఊళ్ళో మొక్కలన్నీ తలలు వాల్చేస్తే, అది నిటారుగా నిలబడి ఊదారంగు పూలు పూసింది. పిందె పడిన రోజు తాయారు మట్టి చేతులతోనే వెళ్ళి అచ్చియ్యమ్మని లాక్కొచ్చింది.

మొదటి కాయని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దానికి పసుపు దారం కట్టి విత్తనానికి వదిలేసింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి కూతురు అత్తారింటికి బయల్దేరింది. తాయారు విత్తనాల చుట్టూ ఆ మట్టి పెట్టి మూట కట్టింది. "మా అమ్మ ఎందుకో చెప్పకుండా కట్టింది. నేను చెప్పి కడుతున్నాను, విను" అని ఈ కథంతా చెప్పింది.

ఆ కూతురెవరని అడగవేం? మా అమ్మ చెబుతున్నంతసేపూ నేనూ నీలాగే ఊఁ కొట్టాను. సాయంత్రం నువ్వు నాలుగు వంకాయలు లాగించావే, అవి ఆ మూటలోవే. తెల్లారనీ, ఆ మట్టి నీ చేతిలో పెడతాను. చేతులు తర్వాత కడుక్కుందువుగాని.

కథేమో కంచికి నడిచింది,
వంకాయ కంచంలోకొచ్చింది,
దారం మట్టిలో దాగింది,
నా తల్లికి నిద్దర ముంచుకొచ్చింది.