కదలడం మానిన నేల

ఒక ఉదయం మార్కండేయులు తన గురువు నిత్యబోధస్వామిని అడిగాడు: "స్వామీ, మా అన్నకూ నాకూ ఎప్పుడూ చిన్నచిన్న తగవులు ఉండేవి. మూడేళ్లుగా ఆయన పేరు విన్నా నాలో ఏ చలనమూ లేదు. మనసు కుదుటపడినట్లేనా?"

స్వామి ఉత్తరీయం భుజాన వేసుకుని, కొండ దిగువనున్న పోలమ్మ ఇంటికి వెళ్లొద్దాం రమ్మన్నారు.

ఆ ఇల్లు నేల చీలిక మీద ఉంది. చీలికకు అవతలి నేల, భూకంపమన్నదే లేకుండా, ఏటా గోరు మందాన ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. గోడ బీటలు వారేది, గుమ్మం వంకరపోయేది. పోలమ్మ బీటలో మట్టి మెత్తేది, తలుపు చిత్రిక పట్టించేది. అత్తగారి కాలం నుంచీ అంతే. భయపడే తీరిక ఆమెకెప్పుడూ లేదు.

ఆ రోజు ఆమె సంతోషంగా ఎదురొచ్చింది. మూడేళ్లుగా గోడ బీట వారలేదనీ, తలుపుకు పనే పడలేదనీ, నేలతల్లి చివరికి కనికరించిందనీ చెప్పింది. కోడలు ప్రసవించి పదిరోజులైంది. బిడ్డ ఆ గోడ పక్కనే ఉయ్యాలలో నిద్రపోతోంది.

స్వామి పాత మట్టిపూతను వేలితో తడిమారు. ఎక్కడా పగలలేదు. తల్లీబిడ్డలను వెంటనే చేలోని పాకకు మార్చమనీ, అందరినీ అక్కడే పడుకోమనీ స్వామి చెప్పారు.

పోలమ్మ తెల్లబోయింది. ఇన్నాళ్లూ గోడ కదులుతుంటే ఒక్కమాటా అనని మీరు, నిలకడగా ఉన్నప్పుడు ఇల్లు విడవమంటారేమిటని అడిగింది.

"ఇదే చీలిక మీద, పైన కొండమీదున్న గట్టురాళ్లు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. మరి నీ ఇంటి కింది మూడేళ్ల జరుగుడు పైకి రాక ఎక్కడ పేరుకున్నట్టమ్మా?"

బాలింతనై ఆ గాలిలో ఎలా ఉండేదని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా స్వామి మాట కాదనలేక సామాను బయటపెట్టారు. బిడ్డను మార్కండేయులు ఎత్తుకున్నాడు. నేల గట్టిగానే ఉన్నా, చేను చేరేదాకా అతని కాలు నమ్మకంగా పడలేదు.

సాయంత్రమైనా ఏమీ జరగలేదు. మర్నాడూ లేదు. వారం గడిచాక పోలమ్మ విసిగిపోయి ఆశ్రమానికి వచ్చింది. ఏదో జరుగుతుందని స్వామికి నిజంగా తెలుసా అని నిలదీసింది.

"తెలియదమ్మా," అన్నారాయన, మార్కండేయుల వైపు చూస్తూ. "నేల కదిలినన్నాళ్లూ నాకు నిద్ర పట్టేది."