తడి ఆరని బాన

అనగనగా, గాడిద నోరు విప్పితే మనుషులు ఆశ్చర్యపోని కాలంలో, ఒక ఏటి ఒడ్డున కుమ్మరిపేట ఉండేది. పేటలో ఇళ్లు చాలా ఉన్నా కుండలు కాల్చే ఆవం మాత్రం ఒక్కటే. ఒకరి కుండ మీద ఇంకొకరి కుండ, ఒకరి మూకుడు పక్కన ఇంకొకరి కూజా పేర్చేవారు. నిప్పూ అందరిదే, బూడిదా అందరిదే.

పిల్లలూ, పచ్చికుండ సంగతి మీకు తెలుసా? పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి దాచుకుంటుంది. ఆ తడితో నిప్పులోకి వెళ్తే పేలుతుంది. పేలి తానొక్కటే పోదు, చుట్టూ ఉన్నవాటిని కూడా పగలగొట్టి మరీ పోతుంది.

అందుకే ఆ పేటలో ఒక కట్టుబాటు ఉండేది. ఆవం పేర్చేముందు ఎవరికి వారు తమ కుండ మీద చెయ్యి వేసి, అందరి ముందూ "తడి లేదు" అనాలి. అంటే చాలు, ఇంకెవరూ తట్టి చూడరు. తర్వాత మందిరం అయ్యగారు ప్రభువు నేర్పిన ప్రార్థన అందరిచేత చెప్పించి నిప్పు అంటిస్తారు. అబద్ధమాడినవాళ్లు తప్పు ఒప్పుకుంటే ఒకసారి మన్నిస్తారు. రెండోసారి ఆడితే ఆవంలో చోటు లేదు. కుమ్మరికి ఆవంలో చోటు లేదంటే ఊళ్లో చోటు లేనట్టే.

ఆ పేటలో ఎలీసమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త జెకర్యా ఒక పెద్ద బాన చేసి, దాన్ని కాల్చకముందే జ్వరం వచ్చి కన్నుమూశాడు. బాన మెడ చుట్టూ అతని వేళ్ల గుర్తులు అలాగే ఉండిపోయాయి. చిన్నపిల్ల మిర్యాము రోజూ ఆ గుర్తుల్లో తన వేళ్లు పెట్టి, "నాన్న చెయ్యి పట్టుకున్నా" అనేది.

ఆ బానను ఆవంలో పెట్టిన రోజునే జెకర్యా తమ్ముడు గిద్యోను తన కాగు మీద చెయ్యి వేసి "తడి లేదు" అన్నాడు. తడి ఉంది. షావుకారు తొందరపెడుతున్నాడని, ఏమీ కాదులే అని అనేశాడు. నిప్పు రాజుకోగానే కాగు పేలింది. మర్నాడు ఆవం విప్పి చూస్తే జెకర్యా బాన పెంకులు పెంకులై ఉంది.

ఎవరూ అడగకముందే గిద్యోను నేల మీద కూలబడ్డాడు. "నాదే తప్పు. ఆరలేదని తెలిసే పెట్టాను" అన్నాడు.

పేట మన్నించింది. ఎలీసమ్మ మన్నించలేదు.

ఎలా మన్నిస్తుంది? కట్టుకున్నవాడు మట్టిలో కలిసిపోయాడు. మిగిలిన ఆ చేతి గుర్తూ పెంకైపోయింది. ఆమె కడుపులోనే ఒక ఆవం రాజుకుంది. వంట చేస్తున్నా అదే మంట, కుమ్మరి సారె తిప్పుతున్నా అదే మంట.

ఎలీసమ్మకు దైవభయం ఎక్కువ. సందెవేళ మిర్యామును పక్కన కూర్చోబెట్టుకుని ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేది. ఆ ప్రార్థనలో, మేము పరులను క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అనే మాట వస్తుంది కదా. అక్కడికి రాగానే ఆమె నాలుక ఆగిపోయేది. "మనసులో లేనిది దేవుడి ముందు ఎలా అనను?" అనుకుని, ఆ ఒక్క మాటా దాటేసి తర్వాతి మాటకు వెళ్లిపోయేది. తల్లి వెనకే పిల్లా వెళ్లిపోయేది.

గిద్యోను మొదటిసారి వట్టి చేతులతో వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"వదినా, తప్పయిపోయింది. క్షమించు."

"అయిపోయిందా? దానంతట అదే అయిపోయిందా? నోరారా 'తడి లేదు' అన్నావే, అప్పుడు నీ నాలుక మీద దేవుడున్నాడా, షావుకారున్నాడా? పో అవతలికి!"

తలుపు ధడాలున పడింది. పెరట్లో గడ్డి నములుతున్న గాడిద తలెత్తింది. "అమ్మా, నా వీపు మీది మట్టిని సాయంత్రానికల్లా నువ్వు దించుతావు. మరి నీ వీపు మీదిది ఎవరు దించాలి?"

"నోరు మూసుకుని గడ్డి తిను!" అంది ఎలీసమ్మ.

రెండోసారి గిద్యోను తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఏటి మలుపు దాకా పోయి మట్టి తవ్వి, జల్లెడ పట్టి, తొక్కి తెచ్చాడు. "అన్న వాడే మట్టి ఇదే వదినా. ఆ బానను తిరిగి తేలేను. ఇదైనా తీసుకో."

"ఆ మట్టిలో మీ అన్న వేళ్లు తెచ్చావా? తేలేదు కదా! అయితే నీ నెత్తినే పోసుకో!" అంటూ తట్టను కాలితో తన్నింది. మట్టి గుమ్మమంతా చిందింది. మిర్యాము కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

"తన్నడం నా పని కదమ్మా. అదీ నువ్వే చేసేస్తే నేనేం చెయ్యను?" అంది గాడిద.

ఎలీసమ్మ చేతికందిన చీపురు దాని మీదికి విసిరింది.

ఇంతలో మందిరానికి నీళ్ల బాన కావాలని అయ్యగారు అడిగారు. "మా ఆయన పేరిట నేనే చేసి ఇస్తాను" అంది ఎలీసమ్మ. పట్టుబట్టి చేసింది. చక్కగా కుదిరింది. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. ఎండ లేదు, గాలి లేదు. బాన ఆరదు. ఆవం పేర్చే రోజు దగ్గరపడుతోంది.

గిద్యోను మూడోసారి వానలో తడుస్తూ వచ్చాడు. "వదినా, నన్ను క్షమించకపోతే మానె. మా పొయ్యి పక్కన చోటు ఖాళీ చేశాను, వెచ్చగా ఉంటుంది. బాన అక్కడ ఆరబెట్టుకో. నేను ముట్టుకోను, నువ్వే వచ్చి చూసుకో."

"మా ఆయన బానను పగలగొట్టినవాడి ఇంట్లో ఆయన పేరిటి బాన ఆరాలా? ఇది పచ్చిగా పడి ఉన్నా సరే, నీ పొయ్యి వేడి తగలనివ్వను!"

ఈసారి గాడిద ఏమీ అనలేదు. చెవులు విదిలించి మొహం అటు తిప్పుకుంది. గాడిదకే విసుగు పుట్టిందంటే చూడండి!

ఆవం పేర్చే రోజు వచ్చింది. ఎలీసమ్మ బాన మీద చెయ్యి వేసింది. అరచేతికి చల్లగా తగిలింది. వెనక్కి తగ్గితే ఏమవుతుంది? ఎందుకు ఆరలేదని అందరూ అడుగుతారు. పొయ్యి పక్కన చోటిచ్చినా వద్దందని తెలిసిపోతుంది. ఎదురుగా గిద్యోను నిలబడి చూస్తున్నాడు. వాడి ముందు తల దించడమా?

"అమ్మా, చల్లగా ఉందే" అని గొణిగింది మిర్యాము. ఎలీసమ్మ పిల్ల భుజం గిల్లి, గొంతెత్తి, "తడి లేదు!" అంది.

దేవుడి ముందు అబద్ధం చెప్పలేనన్న మనిషే.

నిప్పు అంటించారు. లోపల ఢామ్మని చప్పుడైంది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. మర్నాడు ఆవం విప్పితే ఒక్క ఇంటి కుండ కూడా నిలవలేదు. ఎవరి పెంకు ఏదో తెలియకుండా అన్నీ కలిసిపోయాయి. ఆడవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. మగవాళ్లు గిద్యోను మీదికి వెళ్లారు.

"మళ్లీ వీడే!"

"ఈసారి నా కుండలు ఆరాయి. దేవుడి తోడు!"

"పోయినసారీ ఇలాగే చెయ్యి వేశావు కదరా, దొంగా! పెళ్లాంబిడ్డల్ని తీసుకుని పేట దాటు!"

గిద్యోను మొహం పాలిపోయింది. ఎలీసమ్మ కడుపులో మంట ఎగిసి, 'పోనీ, పోతే పోనీ' అంది. ఇంకో అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరకుంటే చాలు. ఆమె ఊరకుంది.

అయ్యగారు చెయ్యెత్తారు. "తీర్పుకు ముందు ప్రార్థన చేద్దాం."

అందరూ తలలు వంచారు. పళ్లు కొరుకుతూనే ప్రార్థన మొదలుపెట్టారు. క్షమించే మాట దగ్గరికి రాగానే, అందరి గొంతుల మధ్య నుంచి ఒక చిన్న గొంతు ముందుకు వెళ్లిపోయింది. అందరూ ఒక మాట అంటుంటే అది తర్వాతి మాట అంటోంది. తనొక్కతే వినబడేసరికి మిర్యాము బెదిరి ఆగింది.

"మధ్యలో ఒక మాట దాటేశావు తల్లీ" అన్నారు అయ్యగారు.

"లేదండీ. ప్రార్థనలో ఆ మాట లేదండీ. మా అమ్మ ఇలాగే చెబుతుంది."

ఎలీసమ్మ కూతురి వైపు చూసింది. ఈ పిల్ల రేపు ఒక తప్పు చేస్తుంది. చెయ్యని మనిషి ఎవరు? ఆ రోజు క్షమించమని అడగడానికి దీని నోట మాటే ఉండదు. ఆ మాటను తీసేసింది ఎవరో కాదు, కన్నతల్లే.

"పేలింది నా బాన. తడి ఉందని తెలిసే చెయ్యి వేశాను" అంది ఎలీసమ్మ.

పేటంతా ఆమె మీద విరుచుకుపడింది. "బాన దగ్గర ఒక అబద్ధం! తప్పు పక్కవాడి మీదికి పోతుంటే నోరు మెదపకపోవడం ఇంకో అబద్ధం! రెండయ్యాయి! చోటు లేదు!"

గిద్యోను ఆమె ఎదుటికి వచ్చాడు. మొహం నిప్పులా ఉంది. "వీళ్లు నన్ను దొంగంటుంటే చూస్తూ నిలబడ్డావా వదినా?"

"నిలబడ్డాను."

"పిల్లల్ని తీసుకుని ఊరు దాటుతుంటే కూడా చూసేదానివా?"

"చూసేదాన్నేమో."

గిద్యోను పిడికిళ్లు బిగుసుకున్నాయి. చాలాసేపటికి గాని విడలేదు. పేటవాళ్ల వైపు తిరిగి, "ఆ రెండోది నా మీద పడ్డ అబద్ధం. దాన్ని మన్నించాల్సింది నేను. మన్నించాను. ఇక మిగిలింది ఒక్కటి. నా విషయంలో అటువంటిదాన్ని మీరు మన్నించారు" అన్నాడు.

పేటవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, "సరే, మన్నించాం" అన్నారు. ఎలీసమ్మ గిద్యోను వైపు తిరిగింది. "నేను నీకివ్వనిది నాకెలా ఇచ్చావురా?"

"ఏమో వదినా. కోపం గొంతుదాకా ఉంది. ఎంత అడిగినా ఇవ్వకపోతే ఎలా ఉంటుందో నాకు తెలిసిపోయింది."

"ఆ బాన కోసం నా కడుపు ఇంకా మండుతూనే ఉంది గిద్యోనూ. రేపు కూడా మండుతుందేమో. అయినా ఆ తప్పును ఇక నీ మీద మోపను. నిన్ను క్షమించాను."

ఆ సందెవేళ ప్రార్థనలో ఆ మాట దగ్గర ఎలీసమ్మ నాలుక మళ్లీ తడబడింది. ఈసారి దాటలేదు. ఒక్కో ముక్కా కూడబలుక్కుని చెప్పింది. మిర్యాము తల్లి నోట ఆ మాట కొత్తగా నేర్చుకుంది.

మందిరానికి ఇంకో బాన చేశారు. అది గిద్యోను పొయ్యి పక్కనే ఆరింది. దాని మెడ చుట్టూ చిన్న వేళ్ల గుర్తులు ఉన్నాయి. ఆవానికి మోసుకెళ్తూ గాడిద అంది, "బాన పెద్దదే గాని, అమ్మా, ఈరోజెందుకో బరువు లేదు."

క్షమించమని దేవుణ్ణి అడిగే నోరు ముందు తోటివాణ్ణి క్షమించాలి. దాచిన తడి కుండను పగలగొడితే, దాచిన పగ పేటనే పగలగొడుతుంది.