వడ్రంగిపిట్టగారి పోర్షన్లు

కొండవాలున ఎండిన మద్దిమాను ఒకటుంది. దాని తొర్రలో వడ్రంగిపిట్ట ఒక్కడే ఉండేవాడు. పోయిన వానల్లో అతని పెళ్లాం పోయింది. అప్పట్నుంచి పొద్దున్న లేస్తే పలకరించే దిక్కులేదు. ఏడుస్తూ కూర్చోవడం చేతకాక, చేతనైన పని పెట్టుకున్నాడు. ఎండాకాలమంతా ముక్కు అరిగేలా పొడిచి, అదే మానుకి ఇంకో మూడు తొర్రలు తొలిచాడు. "అద్దెకిస్తానహో! పోర్షనుకి రోజుకో పురుగు!" అని అడవంతా చాటాడు. అద్దె అన్నది పైకి చెప్పే మాట. అతనికి కావలసింది గోడ అవతల నుంచి వినబడే నాలుగు మాటలు.

మొదటి పోర్షన్లో గోరింకల జంట దిగింది, కొన్నాళ్లకే నలుగురు పిల్లలు పుట్టారు. మిగతా రెండింట్లో చిలకలు చేరాయి. తెల్లారకముందే పిల్లల గోల మొదలయ్యేది. గోరింకమ్మ అద్దె పురుగు తెచ్చిచ్చి, "అన్నయ్యగారూ, మొహం అలా వేలాడేశారేం?" అని అరపూట కబుర్లు చెప్పి పోయేది. వడ్రంగిపిట్టకి చచ్చిపోయిన ఆకలి మళ్లీ పుట్టింది.

ఓ రోజు నక్క చెట్టు కింద ఆగింది.

"ఏం అల్లుడూ, ఇది కొంపా, సంతా?"

"పిల్లలు మామా. ఆడుకుంటున్నారు."

"కొత్తగా ఓనరువయ్యావు, నీకు తెలీదులే. చనువిస్తే చంకెక్కుతారు. ఇవాళ అరుపులు, రేపు చుట్టాలు, ఎల్లుండి నీ తొర్రలోనే కాపురం. ఓనరన్నాక రూల్సుండాలి."

"అలాగా?"

"నా దగ్గరో మంచి పార్టీ ఉంది. పెళ్లాం పిల్లల్లేరు. నోట్లో నాలుక లేని మనిషి. నెల అద్దె ఒకేసారి అడ్వాన్సు!"

వడ్రంగిపిట్ట మనసు వద్దంది. కానీ ఓనరన్న మాట అప్పటికే తలకెక్కింది. సాయంత్రం గోరింకమ్మని పిలిచి, "ఖాళీ చెయ్యాలమ్మా. గోల ఎక్కువైంది" అన్నాడు.

"పిల్లలకి ఇంకా రెక్కలు గట్టిపడలేదు అన్నయ్యగారూ. పదిరోజులు ఓపిక పట్టండి."

"రూలంటే రూలే."

అన్నాక నాలిక్కరుచుకున్నాడు. తగ్గితే ఇంక ఓనరుతనం ఏం మిగులుతుందని ఊరుకున్నాడు. పిల్లలు కొమ్మ కొమ్మకీ ఆగుతూ, ఆయాసపడుతూ తల్లి వెనకాలే వెళ్లిపోయారు.

మర్నాడు కొత్త పార్టీ దిగాడు. ఉడుము! "గుడ్లు పెట్టుకునే ఇళ్ల మధ్య ఉడుమా?" అని చిలకలు లబోదిబోమని ఆ పూటే లేచిపోయాయి. ఉడుము మాత్రం నిజంగానే నోరు మెదపలేదు. పగలంతా పడుకుని, లేచినప్పుడు పక్క తొర్రకేసి చూసేవాడు. ఆ చూపుకి వడ్రంగిపిట్ట ప్రాణం గిలగిల్లాడేది. నెల తిరిగింది, అద్దె ఆగింది. పొమ్మంటే కదలడు.

లబలబలాడుతూ నక్క దగ్గరికి పరుగెత్తాడు. నక్క తన బొరియలో హాయిగా కాళ్లు చాపుకుని ఉంది.

"నాతోనూ అంతే అల్లుడూ. రెండేళ్లు ఇక్కడే తిష్ఠ వేశాడు. ఉడుంపట్టు గదా! నీ ఇల్లు చూపిస్తే గానీ వదల్లేదు."

నాలుగు తొర్రల ఆసామి తలదాచుకునే చోటు కోసం బయల్దేరాడు. వాగు దాటితే, ఎండు తాటిమానులో కంసాలిపిట్ట తొలిచిన అద్దె ఇళ్లున్నాయి. అక్కడ గోరింక పిల్లల గోల దూరానికే వినబడింది. వడ్రంగిపిట్టకి కళ్లనీళ్లు తిరిగాయి.

"చెల్లెమ్మా, ఇక్కడో పోర్షను ఖాళీ ఉందటగా. రోజుకి రెండు పురుగులైనా ఇస్తాను. గోలంటే నాకేం బాధ లేదు."

గోరింకమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు, జాలే ఉంది.

"మీ సంగతి విని నేనే అడిగి చూశాను అన్నయ్యగారూ. మా ఓనరు ఒప్పుకోలేదు. ఫ్యామిలీలకే ఇస్తారట. ఒంటరివాళ్లకి ఇవ్వరట."

తోడు కోరి తలుపు తీసినవాడు సందడిని బయటికి గెంటకూడదు.