ఒడెట్ దొరసాని ముక్కాలిపీట

పడుకోవే బంగారూ. కాళ్ళు అలా బార్లా చాపకు, నాకూ కాస్త చోటుండాలి. ఊఁ కొడుతూ విను.

అనగనగా ఒక ఊళ్ళో... మన పక్కూరు కాదే, సముద్రాలు దాటితే వచ్చే ఫ్రాన్సు దేశంలో, రాణిగారి కోట ఉన్న ఊళ్ళో, ఒడెట్ అని ఒక గొప్పింటి పిల్ల ఉండేది. అమ్మా నాన్నా లేరు. వాళ్ళమ్మకి అక్క, మార్గో పెద్దమ్మ, కడుపులో పెట్టుకుని పెంచింది.

ఆ కోటలో ఒక వింత ఆచారం. రాణిగారి ఎదుట ఎవరూ కూర్చోకూడదు. మహా గొప్ప వంశం వాళ్ళకి మాత్రం చిన్న ముక్కాలిపీట ఇస్తారు. తండ్రి వంశం వల్ల ఒడెట్‌కి పీట వచ్చింది. పెద్దమ్మకి రాలేదు. పెళ్ళికాని పిల్ల పక్కన పెద్దావిడ ఉండి తీరాలి కదా, అందుకని పాపం రాణిగారి పేకాట ముగిసేదాకా నిలబడేది. సాయంత్రానికి పాదాలు పూరీల్లా పొంగేవి. అది చూసి ఒడెట్‌కి కడుపు తరుక్కుపోయేది. ఎలాగైనా పెద్దమ్మని కూర్చోబెట్టాలి అనుకుంది.

మొదట కొలువు పెత్తందారుని అడిగింది. ఆయన మూతి ముడిచి, "పీట ఇచ్చేది కాళ్ళకి కాదమ్మా, వంశానికి" అన్నాడు.

అప్పుడు తన పీట మీద పెద్దమ్మని కూర్చోబెట్టి తను నిలబడింది. వెంటనే భటులు వచ్చి ఆవిడని లేపేశారు. కొలువంతా ముసిముసి నవ్వులు.

"వద్దే తల్లీ, నాకు అలవాటే" అంది పెద్దమ్మ.

"నాకు అలవాటు కాలేదు పెద్దమ్మా" అంది ఒడెట్. మొండిది, అచ్చం నీలాగే.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? ఆ కాలం దొరసానుల గౌన్లు ఇంతింత వెడల్పు, లోపల బుట్టలాంటి చట్రం ఉండేది. ఒడెట్ తన పీటని పెద్దమ్మ గౌను కింద దాచేసింది! ముసలావిడ హాయిగా కూర్చుంది. చూసేవాళ్ళకి నిలబడ్డట్టే, కాకపోతే కాస్త పొట్టిగా. మిగతా దొరసానులు ఇదేదో కొత్త రకం దండం కాబోలని వాళ్ళూ మోకాళ్ళు వంచి పొట్టిగా నిలబడ్డారు. అంతలో పెద్దమ్మకి కునుకు పట్టింది. గుర్రుమని ఒక్క గురక పెట్టి, పీటతో సహా దబ్బున పడింది.

రాణిగారి మొహం కందగడ్డ అయింది. "ఆ పీట తీసుకుని బయటికి పో!" అన్నారు.

కొలువులో పీట పోతే పరువు పోయినట్టే. ఇంకొకతె అయితే కాళ్ళ మీద పడేది. ఒడెట్ ఒక చేత్తో పీట, ఒక చేత్తో పెద్దమ్మని పట్టుకుని గుమ్మం దాటింది. దాటి, తలుపు పక్కనే వసారాలో పీట వేసింది. అక్కడ రాణిగారు లేరు, ఆచారమూ లేదు. "ఇప్పుడు కూర్చో పెద్దమ్మా" అంది.

మర్నాడూ అక్కడే. అప్పుడు కొలువులోంచి నడుంనొప్పి ముసలావిడ ఒకరు వచ్చి మెట్టు మీద కూలబడ్డారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. బాదంకాయలు ఒలుచుకుంటూ ఒకటే కబుర్లు, నవ్వులు. లోపల రాణిగారు పేకముక్కలు పట్టుకుని చెవులు రిక్కించేవారు.

ఒకరోజు తలుపు తెరుచుకుంది. రాణిగారే! అందరూ గబుక్కున లేచారు. పెద్దమ్మా లేవబోయింది. ఒడెట్ ఆవిడ భుజం నొక్కి పట్టుకుంది. ఎంతకీ చెయ్యి తియ్యలేదు.

"మహారాణీ, మా పెద్దమ్మ లేవలేదు. ఏ శిక్షయినా నాకు వెయ్యండి" అంది.

రాణిగారు ఆ వాచిన పాదాల వంక చూశారు. తర్వాత మెల్లగా, "నేనిక్కడికి రానే లేదు. మీరెవరూ నన్ను చూడలేదు" అన్నారు. అని, తనూ వెళ్ళి మెట్టు మీద చతికిలబడి, "ఇందాక అంతలా నవ్వారే, ఏమిటది? మళ్ళీ చెప్పండి" అన్నారు.

అదీ మొదలు. రాణిగారు రోజూ వచ్చేవారు, రోజూ రానట్టే. పెద్దమ్మకి మళ్ళీ పీట మీంచి లేవాల్సిన పని పడలేదు.

అదేమిటే, గోడ దాకా జరిగిపోయావు? నా మోకాళ్ళకి చోటివ్వడానికా? నా తల్లే! రా, ఇలా దగ్గరికి రా.

పీటేమో పెద్దమ్మకి,
మెట్టేమో మహారాణికి,
కథేమో కంచి దారికి,
మనమేమో నిద్ర ఊరికి.