పడక కాయల గంగమ్మ

ఇసుకరాళ్లపల్లెకు రోజూ రెండు పూటలా బస్సు ఉంది. బస్సు రాని పూట డ్రైవరును తిట్టుకుంటూ నాలుగు కిలోమీటర్లు నడవవచ్చు. ఊరు దాటి రేగు పొదల మధ్య నుంచి గొల్లవంక అనే ఇసుక వాగులోకి దిగితే, రేకుల పందిరి కింద మోకాలెత్తు నల్లరాయి దర్శనమిస్తుంది. ఆ తల్లే పడక కాయల గంగమ్మ. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. గోపురం ముందు ఫోటో దిగుదామని వచ్చినవారు ఈ చిన్న పుస్తకంతో సరిపెట్టుకోవాలి. దీన్ని రాసినవాడు ఐదో తరగతిని రెండేళ్లు శ్రద్ధగా చదివినవాడు గనుక, తప్పులుంటే వానివి, మహిమ ఉంటే అమ్మవారిది.

ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. అమ్మవారి ముందున్న చదునురాతి మీద పడుకోబెడతారు. అదీ నాలుగు వేళ్లతోనే. బొటనవేలు అరచేతిలోకి మడుచుకోవాలి. మరిచిపోయి ఆ వేలు తగిలించినవారి కాయను పూజారిణి తిరిగి చేతికిచ్చేస్తుంది. సరిగ్గా పెట్టేదాకా కుంకుమ ఇవ్వదు. కొత్తగా వచ్చినవారు ఇది చూసి నవ్వుతారు. కథ విన్నాక నవ్వరు.

పూర్వం ఇక్కడ ఒక చెలమ ఉండేది. పూర్వమంటే ఋషులు తిరిగిన కాలం కాదు, బోరు బండ్లు కొత్తగా తిరుగుతున్న కాలం. వంక ఇసుకను జానెడు తోడితే చాలు, నీళ్లు ఊరేవి. ఊరంతటికీ తాగునీరు అదే. ఆ చెలమకూ, దాని ఒడ్డునున్న గంగమ్మ రాతికీ సేవ చేసేది మారెక్క. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచిన మనిషి. తెల్లవారగానే చెలమలో పడిన ఇసుకను కొబ్బరి చిప్పతో తోడి పోసేది. ఆడవాళ్లు బిందెలతో వచ్చేసరికి నీరు తేటపడి ఉండేది.

ఆ తమ్ముడే సంజప్ప. నీళ్లు చూసేవాడు. పీచు జుట్టున్న కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేలల్లో నడిచేవాడు. కింద నీళ్లుంటే కాయ నిటారుగా లేస్తుందని అందరి నమ్మకం. లేచిన చోట బోరు వేసేవారు. మొదటి బోరులో నీళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగిశాయి. ఆనాటి నుంచి సంజప్ప సొంత కాళ్ల మీద నడవడం తగ్గింది. ఏ ఊరివారో ఒకరు బండి కట్టుకుని వచ్చేవారు. కాయ ఎప్పుడైనా బద్ధకిస్తే అడుగు నుంచి బొటనవేలితో కొంచెం ఎగదోసేవాడు. అలా దోసిన చోట కూడా ఒకటి రెండుసార్లు నీళ్లు పడ్డాయి. దాంతో తన వేలికీ కొంత మహిమ ఉందనుకున్నాడు.

ఊళ్లో వరి మళ్లు వచ్చాయి, చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, వచ్చాయి. బోర్లు ఇంటికి రెండయ్యాయి. చెలమ జానెడు లోతు నుంచి మూరెడుకు, అక్కడి నుంచి నడుము లోతుకు దిగింది.

"ఒరే సంజా, నీ కాయ లేచినప్పుడల్లా నా చెలమ పడుకుంటాందిరా," అంది మారెక్క ఒకనాడు, తమ్ముడి పళ్లెంలో సంగటి ముద్ద పెడుతూ.

"ఇసుకక్కా అది. ఇసుకన్నాక దిగుతాది."

"ఇసుక సంగతి నాకు చెప్తావా? నీకు మీసం రాకముందు నుంచి తోడుతాండా."

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వరుసగా మూడు బోర్లు దుమ్ము కక్కాయి. మూడూ సంజప్ప చూసినవే. రచ్చకట్ట దగ్గరికి అతడు వస్తే మాటలు ఆగిపోయేవి. పోతుంటే వెనక నవ్వులు వినిపించేవి. అప్పుడు వన్నూరప్ప వచ్చాడు. ఊళ్లో పెద్ద చీనీ తోట ఆయనదే. చెట్లు నిలువునా ఎండుతున్నాయి.

"సంజన్నా, వంకలో చూడు. చెలమ పక్కన నీళ్లు లేక యాడికి పోతాయి?"

మారెక్క తలుపు చాటు నుంచి విని, వన్నూరప్ప వెళ్లాక తమ్ముడి చేయి పట్టుకుంది.

"ఆ ఒక్క చోటు వదిలెయ్ రా. ఊరంతా ఎండినా, తాగేదానికి అదొకటి ఉండాల."

"నాదేముందక్కా? కాయ చెప్పినట్టు."

మరునాడు పొద్దున్నే బోరు బండి వంకలోకి దిగింది. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడింది. చెలమకు పది అడుగుల దూరంలో సంజప్ప కాయ పట్టుకుని నడిచాడు. కాయ కదల్లేదు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పొత్తిళ్లలో పసిబిడ్డలాగా అది అరచేతిలో పడుకునే ఉంది. కళ్ల ముందు నీళ్లు కనిపిస్తున్న చోట కాయ లేవకపోవడం అతడు ఎన్నడూ చూడలేదు.

"ఏం సంజన్నా, కాయకు నిద్రొచ్చిందా? జోల పాడమంటావా?" అని గట్టు మీద నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

సంజప్ప చెవులు వేడెక్కాయి. బొటనవేలు తన పని తాను చేసింది. కాయ లేచింది.

సాయంత్రం ఇంటికి వచ్చి, అక్క మొహం చూడకుండా చెప్పాడు.

"కాయ లేచిందక్కా."

మారెక్క పళ్లెం అందుకుంది.

"అమ్మే లేపిందంటే నేనేమనేది?" అంది. "నువ్వు తిన్నావా?"

అక్కడ వేసిన బోరులో పదమూడు రోజులు నీళ్లు వచ్చాయి. పద్నాలుగో రోజు గొట్టంలోంచి గాలి వచ్చింది. చెలమ అప్పటికే ఆరిపోయింది. చీనీ తోట కూడా దక్కలేదు. ఊరికి ట్యాంకరు తిరగసాగింది. మారెక్క మాత్రం చిప్ప వదల్లేదు. అమ్మ అలిగి లోపలికి పోయింది, పిలిస్తే వస్తుందని తోడుతూ పోయింది. మెడ లోతు అయింది, మనిషెత్తు అయింది. అన్ని వైపులా ఇసుక గోడలే. అమ్మ లేపలేదు, నేనే లేపినానని చెబుదామని సంజప్ప రెండుసార్లు ఆ గుంట అంచు దాకా వెళ్లాడు. రెండుసార్లూ ఆమె లోపలి నుంచి తలెత్తి, "ఆకలైతాందా?" అని అడిగింది. చెప్పలేక తిరిగి వచ్చాడు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆమెకు రొట్టె తీసుకుని వెళ్లాడు. గుంట లేదు. గుంట ఉన్నచోట ఇసుక కొంచెం పల్లంగా, నున్నగా ఉంది. పక్కన కొబ్బరి చిప్ప బోర్లా పడి ఉంది.

పార దించడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఊరంతా చేతులతోనే తోడింది. ఆమె దొరికేసరికి పొద్దు వాలింది. గుప్పిట విప్పి చూస్తే అందులో ఇసుక తడిగా ఉంది.

దినాల నాడు, వంటలు అవుతుండగా, సంజప్పకు పందిరి గుంజకు ఆనుకునే కునుకు పట్టింది. కలలో మారెక్క వచ్చింది. అతని అరచేతిలో నిలబడి ఉన్న కాయను తీసుకుని నేల మీద పడుకోబెట్టింది. "దాన్ని పడుకోనీరా," అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

సంజప్ప లేచి, భోజనాల బంతి ముందు నిలబడ్డాడు.

"ఆ పొద్దు కాయ లేవలేదు. నేనే లేపినా. ఈ వేలితో." వేలు ఎత్తి చూపించాడు. తిట్లకు, దెబ్బలకు సిద్ధపడే నిలబడ్డాడు.

విస్తళ్ల మీద చేతులు ఆగిపోయాయి. వన్నూరప్ప తల ఎత్తకుండానే అన్నాడు.

"మాకు కనపడలేదనుకుంటివా సంజన్నా? గట్టు మీద నుంచి చూస్తానే ఉంటిమి. అది లేస్తే చాలని ఉండె మాకు."

ఆ బంతిలోనే ఊరు మాట అనుకుంది. వంకకు కూతవేటు దూరంలో ఎవరూ బోరు వేయరాదు. గట్టు మీదున్న ఏడు బోర్లనూ మూసేయాలి. వరి మాని కొర్ర, సజ్జ వేయాలి. వానలకు ముందు పది రోజులు ఇంటికొక మనిషి వాన నీరు నేలలో ఇంకేలా ఊరి గుట్ట మీద వాలుకు అడ్డంగా రాతికట్టలు కట్టాలి. మాట తప్పినవారూ లేకపోలేదు. వారిలో ఇద్దరు ఈ పుస్తకానికి కాగితం ఇప్పించారు గనుక పేర్లు రాయడం లేదు.

సంజప్ప మళ్లీ కాయ పట్టలేదు. అక్క చిప్ప పట్టుకుని రోజూ ఎండు ఇసుక తోడాడు. రాత్రి గాలికి గుంట పూడేది, పొద్దున్నే మళ్లీ తోడేవాడు. తొమ్మిదేళ్లు తోడి, తొమ్మిదో ఏట ఎండల్లో పోయాడు. ఆ తరువాత రెండో వానాకాలానికి చెలమలో నీరు ఊరింది. నిండుగా కాదు, బెత్తెడు. అతడు చూడలేదు.

నేటికీ వైశాఖంలో మొదటి మంగళవారం ఇక్కడ జాతర జరుగుతుంది. వచ్చినవారు గుట్ట మీదికి ఒక రాయి మోసి, చెలమ నుంచి ఆ చిప్పతో ఒకసారి ఇసుక తోడి, తరువాతే కాయ పడుకోబెడతారు. మంచి ఏడు మూరెడు నీళ్లుంటాయి. పోయిన ఏడు లేవు. సంతానం, ఉద్యోగం, వ్యాజ్యంలో గెలుపు కోరేవారికి చుట్టుపక్కల చాలా క్షేత్రాలున్నాయి. ఈ తల్లి దగ్గర అడగదగినది ఒక్కటే, ఊరికి గుక్కెడు నీళ్లు. ఇస్తుందని పెద్దలు చెబుతారు. ఎప్పుడిస్తుందో చెప్పరు.

ఇప్పటి పూజారిణి వన్నూరప్ప మనవరాలు. కాయ పెట్టే ప్రతివారికీ "వేలు మడుచుకోండి" అని చెబుతుంది. తరువాత తల ఎత్తి, గట్టు మీద నిలబడి చూస్తున్నవారి వైపు తిరుగుతుంది.

"మీరు కూడా," అంటుంది.