త్రిపురాంబ సోఫా ముసుగు తీసిన పీటలక్ష్మి నోము కథ

మాఘ శుద్ధ దశమి, గురువారము. ఆ పూట దర్భాసన మహర్షి ఆశ్రమమున పనసపొట్టు కూర, కందిపచ్చడి, మెంతిమజ్జిగ వడ్డించిరి. మునులందరును కడుపునిండ భుజించి పర్ణశాల ముందర చాపలు పరచుకొని ఒరిగిరి. అప్పుడు భూలోకమంతయు కాలినడకన తిరిగి వచ్చిన చంక్రమణ మహాముని మోకాళ్ళు ఒత్తుకొనుచు ఇట్లు ప్రశ్నించెను:

"స్వామీ! కలియుగమున ఇండ్లు మిగుల అందముగా నున్నవి. గోడకొక రంగు వేయుచున్నారు. కిటికీలకు పట్టు తెరలు, గదులనిండ మెత్తని ఆసనములు. అయినను నేను పదునాలుగు ఇండ్లకు పోతిని, పదునాలుగింటను నిలుచుండియే వచ్చితిని. ఇంటిని ఇంత ముస్తాబు చేసినవారు మనిషిని కూర్చోమనుట ఎట్లు మరచిరి? దీనికి తగిన వ్రతమేదైన గలదా?"

దర్భాసనుడు నవ్వి, పీటలక్ష్మి నోమని యొకటి గలదనియు, దానిని ఆచరించి బాగుపడిన ఇల్లాలి కథ చెప్పెదననియు పలికెను. అక్షతలు చేతబట్టుకొని వినవలెననియు, భోజనము బరువుగా నున్నను కునుకు తీయరాదనియు హెచ్చరించి, చెప్పనారంభించెను.

గోదావరి పాయ యొడ్డున కమలాలపురమను ఊరు గలదు. అందు పేర్రాజు అను చీరల వర్తకుడును అతని భార్య త్రిపురాంబయు కాపురముండిరి. వారికి అంగడి లేదు. నేతవారు నమ్మి యిచ్చిన చీరలను త్రిపురాంబ తన ముందుగదిలో జంపఖానా మీద విప్పి చూపించును. ఊరి ఆడవారు వచ్చి, కాళ్ళు బారజాపుకొని కూర్చుండి, ఒక చీర కొందమని వచ్చినవారు మూడు కొనిపోవుదురు. ఏమియు కొననివారును మజ్జిగ త్రాగి, అత్తగారిని గూర్చి రెండు మాటలనుకొని, తేలికపడి పోవుదురు. ఆ జంపఖానా అంచున పీటలక్ష్మి ఎవ్వరికిని కనబడక కూర్చుండి యుండెను. అందుచేత ఆ ఇంట సిరి నిలిచెను.

ఇట్లుండగా త్రిపురాంబ పట్నములో పెదతల్లి కూతురి ఇల్లు చూచి వచ్చెను. వచ్చినది మొదలు ఆమెకు తన ముందుగది సంత పాకవలె కనబడసాగెను. పేర్రాజు ఎదురు చెప్పెడివాడు కాడు. నెల తిరుగకుండ దానిమ్మరంగు మఖమలు సోఫా, అద్దము బల్ల, మట్టిబొమ్మల బీరువా, గులాబీల తెరలు వచ్చి చేరెను. జంపఖానా అటక యెక్కెను. సోఫా మోసికొని వచ్చినవారు దానికి చుట్టిన ప్లాస్టిక్కు తొడుగు చింపబోగా త్రిపురాంబ అడ్డుపడెను.

"ఆగండాగండి! అది తీసేత్తే ఇంకేవుందండీ, మాసిపోదూ? ఎవరన్నా పెద్దోళ్ళొచ్చినప్పుడు తీసుకుందారి!"

ప్లాస్టిక్కుపై దుమ్ము పడకుండ దుప్పటి కప్పెను. దుప్పటి మాయకుండ పాత పంచె కప్పెను. పేర్రాజు ఒకనాడు ముచ్చటపడి దానిపై కూర్చుండబోగా, "మీరా! బజారంతా తిరిగొచ్చిన పంచెతోటా!" అని కేకవేసెను. అతడు తన కంచము పట్టుకొని నూతిగట్టుకు పోయి, అక్కడ గాలి బాగున్నదని తనకు తాను చెప్పుకొని భుజించెను. కొనవచ్చిన ఆడవారు వరండాలో నిలుచుండి చీరలు చూచిరి. ఆ పెద్దవారెవరో, ఎన్నడు వచ్చెదరో త్రిపురాంబకును తెలియదు.

అటక మీద దుమ్ములో పీటలక్ష్మికి తుమ్ములు పట్టెను. ఆమె దిగివచ్చి, మూట చంకనబెట్టుకొన్న ముసలిదాని రూపము దాల్చి, గురువారము నాడు గుమ్మము ముందర నిలిచెను.

"ఓలమ్మా, కాళ్ళు లాగేత్తన్నాయి. కూసింతసేపు కూకోనిత్తావా?"

సోఫా కొత్తదనియు, ఇంక సర్దుకొనలేదనియు చెప్పి త్రిపురాంబ మెట్టు చూపించెను. రెండవ గురువారము ముసలిది మరల వచ్చెను. తెరలు ఉతికి గదినిండ ఆరవేసితినని త్రిపురాంబ చెప్పెను. మూడవ గురువారము వచ్చెను. త్రిపురాంబ దోమల తలుపు తీయకయే, జల్లెడకన్నముల నుండి, "ఇంట్లో ఎవరూ లేరండి మామ్మగారూ" అనెను.

"సరేలే తల్లీ. ఇక నీ ఇంట్లో కూకునే పనే ఉండదులే" అని ముసలిది మెల్లగా వెడలిపోయెను.

అది మొదలు ఆ ఇంట ఎవ్వరికిని కూర్చుండు యోగము లేకపోయెను. త్రిపురాంబ పీట వాల్చుకొన్నచో పాలు పొంగెను. స్టూలుపై కూర్చున్నచో దాని కాలు విరిగెను. మంచము అంచున చేరబడినచో గ్యాసు బండ వచ్చినదని వీధిలో కేక వినబడెను. చివరకు, పోనీ నేనే పెద్దదాన్ననుకొని సోఫాపై కూర్చుండగా పంచె, దుప్పటి, ప్లాస్టిక్కు ఒకదానిపై నొకటి జారి ఆమెను నేలమీద విడిచెను. నూతిగట్టుకు పాచి పట్టుటచే పేర్రాజు కూడ నిలుచుండియే తినసాగెను. భార్యాభర్తలిరువురును ద్వారపాలకులవలె ఇంటికి చెరొక ప్రక్క నిలుచుండిరి.

కొనవచ్చినవారు ఆమె నిలుచుండుట చూచి, ఎక్కడికో పోవు తొందరలో నున్నదనుకొని వెనుదిరిగిరి. చీరల మూటలు విప్పినవి విప్పినట్లే మడతపడెను. ఇంక మిగిలిన ఆశ యొక్కటే. నాగులపల్లివారింట పెండ్లి. ఆ ఇంటి ఆడవారందరును ఆదివారము చీరలు చూడ వత్తురు. ఆ బేరము పోయిన యెడల మూటలు నేతవారికి అప్పగించి, వర్తకము మానుకొనవలసినదే.

త్రిపురాంబ దిగులుతో, తన ఇంటికి రానివారు ఎక్కడికి పోవుచున్నారో చూతమని బయలుదేరి, వెనుకవీధిలో అట్లు పోసి అమ్ము నూకరత్నము ఇల్లు చేరెను. ఆ గదిలో నున్నవి ఒక తుంగచాప, చేయి విరిగిన కుర్చీ. ఊరి ఆడవారందరును అక్కడనే నవ్వుచు కూర్చుండిరి.

"రండొదినా, కూకోండి!" అని నూకరత్నము పిలిచెను.

"కూర్చోలేనమ్మా. కూర్చుంటే ఏదో ఒహటి జరుగుద్ది."

"మీ సోఫాకి మడి గావాల, మీకూ అంటుకుందేటండీ?" అని చాప మీద నుండి ఒకతె యనగా అందరును నవ్విరి. త్రిపురాంబయు నవ్వబోయి ఏడ్చెను. నూకరత్నము అట్లకాడ ప్రక్కనబెట్టి, ఆమె భుజము తట్టి, నోము విధానము చెప్పెను.

ఇంటిలో మేలైన ఆసనము ముందర పద్మపు ముగ్గు పెట్టవలెను. గడపకు వచ్చినవారిలో ఎవరి కాళ్ళు ఎక్కువ నొచ్చుచున్నవో వారిని దానిపై కూర్చుండబెట్టవలెను. బెల్లము, నీళ్ళు ఇయ్యవలెను. ఏ పనిమీద వచ్చితిరని అడుగరాదు. గడియారము చూడరాదు. తుడుచు గుడ్డ కనబడనీయరాదు. వారు ఏది ఒలకబోసినను ముఖము మార్చరాదు.

త్రిపురాంబ మరునాడే నోము పట్టి తపాలా అతనిని కూర్చుండబెట్టెను. కాని ముసుగులు తీయలేదు. అతని కాళ్ళక్రింద పాత కాగితము పరచి, గుడ్డ వీపు వెనుక దాచుకొని ఎదుట నిలుచుండెను. అతడు కదలినప్పుడెల్ల సోఫా కిర్రుమనెను. పాపము, ఆ మనిషి బెల్లము నోట వేసికొని, నీళ్ళు వీధిలో త్రాగెదనని గ్లాసుతో సహా పోయెను. నోము చెడెను. ఆ సాయంత్రము పాలు రెండు మారులు పొంగెను.

ఆదివారము వచ్చెను. నాగులపల్లివారి ఆడవారు పట్టుచీరల గరగరలతో వరండా నింపిరి. వారి పెద్దావిడ మాణిక్యమ్మగారు ముందు నిలిచి సోఫా వైపు చూచెను. ఎదురుచూచిన పెద్దవారు ఇన్నాళ్ళకు రానే వచ్చిరి గదా! త్రిపురాంబ ముసుగుపై చేయి వేసెను. సరిగా అప్పుడే, మోకాళ్ళదాక రేగడి బురదతో, చేత తాటిబెల్లపు పొట్లముతో, ఆ ముసలిది మెట్టెక్కెను. ఈమారు ఏమియు అడుగలేదు. గోడ పట్టుకొని నిలిచెను.

త్రిపురాంబ ఒకమారు మాణిక్యమ్మగారి కొత్త చెప్పులను చూచెను, ఒకమారు ఆ పాదములను చూచెను. నెలదినములుగా తన కాళ్ళు ఎట్లు లాగుచున్నవో ఆమెకే తెలియును. పంచె లాగెను, దుప్పటి లాగెను, ప్లాస్టిక్కును నిలువున చించెను. ఆ చప్పుడునకు పేర్రాజు పెరటి నుండి పరుగున వచ్చెను.

"మామ్మగారూ, ఇలా వచ్చి కూర్చోండి. మాణిక్యమ్మగారూ, ఏవనుకోకండి, ఆవిడ కాళ్ళు చూడండి."

ముసలిది కూర్చుండెను. బురద మఖమలుకు అంటెను. పొట్లము విడి, కరగిన తాటిబెల్లము దానిమ్మరంగుపై జాలువారెను. త్రిపురాంబ గుండె జారెను గాని ముఖము జారలేదు.

"ఫరవాలేదండి. ఇంకాస్త వెనక్కి ఆనుకోండి."

"నువ్వూ కూకోయే" అని ముసలిది జరిగి చోటిచ్చెను.

త్రిపురాంబ భయపడుచు కూర్చుండెను. పాలు పొంగలేదు. వీధిలో ఎవ్వరును కేకవేయలేదు. నెలదినములకు నడుము వాలగా ఆమె కన్నులు చెమర్చెను. అది చూచి మాణిక్యమ్మగారు, "మరి మమ్మల్నీ కూర్చోమంటారా, ఇలా నిలబెట్టే పెళ్ళి చేయించేత్తారా?" అని నవ్వి, తానే నేలమీద చతికిలబడెను. పేర్రాజు జంపఖానా దింపి పరచెను. చీరలు నదివలె గదినిండ పారెను. అందరును మామిడిపిందెల అంచు చీరను వెలుగునకు పట్టి చూచుచుండగా ముసలిది ఎప్పుడు పోయెనో ఎవ్వరును ఎరుగరు. ఆమె కూర్చున్న చోటు మాత్రము వెచ్చగా నుండెను. బెల్లపు మరక ఎన్ని విధముల ఉతికినను పోలేదు. త్రిపురాంబ రెండు మారులుతికి, మూడవ మారు మానివేసెను. వర్తకము మునుపటికంటె పెరిగెను.

కావున చంక్రమణా! ఈ నోమును కొత్త ఇంట చేరినవారు, సోఫా కొని దానికి కావలి కాయువారు, బీరువాలో కప్పులు దాచి చుట్టములకు స్టీలు గ్లాసు ఇచ్చువారు, తమ ఇంటిలో తామే నూతిగట్టున తినువారు తప్పక ఆచరింపవలెను. ఆచరించినవారి మోకాళ్ళు నొవ్వవు. వారి కుర్చీలకు చెద పట్టదు. వారి తలుపు తట్టినవారు వారిని తలచుకొనుచు పోవుదురు. ఈ కథ వినినవారికి పీట, చదివినవారికి కుర్చీ, ఆచరించినవారికి వాలుకుర్చీ ప్రాప్తించును.

దీనికి ఉద్యాపన యొక్కటే. వచ్చినవారు వీధి మలుపు తిరుగు వరకు వారి వెనుక తలుపు వేయరాదు. గడియ చప్పుడు వారి చెవిని పడరాదు. ఆ ఆదివారము కడపటి ఆడది లాంతరు పట్టుకొని మలుపు తిరుగుదాక త్రిపురాంబ గడపలో నిలిచెను. తరువాత రెండు చేతులతో తలుపు దగ్గరకు చేర్చి, మెల్లగా మూసెను.